ఎమ్మారైని అడగకూడని ప్రశ్న

పోయిన నెల మా వాట్సాప్ గ్రూపులో ఒక వార్త తిరిగింది. ఇంట్లో మానసిక జబ్బు ఉన్న మనిషిని చూసుకుంటున్న వాళ్లందరం కలిసి పెట్టుకున్న గ్రూపు అది. స్కిజోఫ్రీనియా, అంటే లేని గొంతులు వినపడడం, లేనిపోని నమ్మకాలు కలగడం లాంటివి ఉండే మానసిక జబ్బు, ఉన్నవాళ్లలో ఆత్మహత్య ముప్పు ఎవరికి ఎక్కువో మెదడు స్కాన్ చెప్పేస్తుందని ఆ వార్త సారాంశం. పక్కన ఎరుపు, నీలం పూసిన మెదడు బొమ్మ. గంట తిరక్కుండానే ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది మన దగ్గర ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని. ఒకావిడ తన కొడుకు పాత ఎమ్మారై ఫిల్ములు కిటికీకి ఆనించి ఫోటోలు తీసి పెట్టింది. ఎవరైనా తెలిసిన డాక్టరుకి చూపించి, భయం ఉందో లేదో కనుక్కుని చెప్పమని బతిమాలింది.

ఆవిడని తప్పు పట్టే అర్హత నాకు లేదు. ఈ జబ్బు ఉన్న తమ్ముడికి అక్కని నేను. అర్ధరాత్రి మెలకువ వస్తే మంచినీళ్ల వంకతో వాడి గది వైపు వెళ్లి, ఫ్యాను చప్పుడు వెనకాల ఊపిరి వినపడుతోందా లేదా అని నిలబడడం నాకూ తెలుసు. ఆ భయాన్ని ఎవరైనా ఒక కాగితం మీద అంకె వేసి ఇస్తామంటే చేయి చాపని వాళ్లెవరు?

అయినా సరే, ఆ ప్రశ్నకి జవాబు స్కాన్ దగ్గర లేదనే అంటాను. యంత్రాలు ఇంకా ఎదగలేదు కాబట్టి అనడం లేదు. మనం అడుగుతున్న ప్రశ్న ఒకటి, మెదడు ఆకారం చెప్పగలిగిన సంగతి ఇంకొకటి. ఈ వెతుకులాటలో పడి, ఇప్పటికే పనిచేస్తాయని తేలినవాటిని మనం పక్కన పెట్టేస్తున్నామన్నది నా అసలు బాధ.

బొమ్మ చేసిన మేలు

ముందు బొమ్మ తరఫున మాట్లాడతాను. ఒకప్పుడు ఈ జబ్బుకి తల్లిని కారణం చేసేవాళ్లు. ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే పేరున్న మానసిక వైద్యురాలు 1948లో స్కిజోఫ్రీనియాని పుట్టించే తల్లి అనే మాట వాడింది. ఆ మాట పాశ్చాత్య దేశాల్లో దశాబ్దాలపాటు ఎన్నో ఇళ్లలో తల్లుల ఉసురు పోసుకుంది. మన దగ్గర ఆ సిద్ధాంతం పేరు ఎవరికీ తెలియదు గానీ సారం మాత్రం అందరికీ తెలుసు. మా అమ్మ ఇప్పటికీ ఏ చుట్టం వచ్చినా, "ఆఖరివాడని గారం చేశాను, నావల్లే ఇలా అయ్యాడు" అంటుంది. గారం చేయకపోయి ఉంటే కొట్టి పెంచడంవల్ల అయ్యాడని ఉండేదేమో.

1976లో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రిలో ఈవ్ జాన్‌స్టన్, టిమ్ క్రో బృందం అప్పుడప్పుడే వచ్చిన సీటీ స్కానర్‌తో కొద్దిమంది దీర్ఘకాలిక రోగుల మెదళ్లు చూసింది. మెదడు మధ్యలో ద్రవం నిండి ఉండే ఖాళీలు వీళ్లలో సగటున పెద్దవిగా ఉన్నాయని తేలింది. చిన్న అధ్యయనమే, కానీ అది తల్లుల మీద పడ్డ నింద బరువు దించడం మొదలుపెట్టింది. ఇది పెంపకం తప్పు కాదు, మెదడుకి సంబంధించిన జబ్బు అని చెప్పడానికి ఒక ఆధారం దొరికింది. గాలి సోకిందనీ, ఎవరో చేయించారనీ తాయెత్తుల కోసం తిరిగే ఇళ్లలో ఆ ఒక్క వాక్యం విలువ ఎంతో నేను చూశాను.

అయితే ఆ మేలుకి అడుగున ఒక చీడ కూడా ఉంది. మెదడు జబ్బు అని చెప్తే నింద తగ్గుతుంది, నిజమే. కానీ ఇక బాగుపడడన్న అభిప్రాయం పెరుగుతుందని చాలా సర్వేల్లో కనపడింది. మా మేనత్త ఈ రెండూ ఒకే వాక్యంలో చెప్పింది: "పాపం వాడి తప్పేం ఉంది, మెదడే అంత, ఇంక ఎవరేం చేస్తారు." జాలి కూడా చేతులు దులుపుకోవడానికి పనికొస్తుందని ఆ రోజు తెలిసింది.

మా ఇంట్లో అసలు కథ దీనికి తిరగబడి నడిచింది. తమ్ముడికి మొదటిసారి జబ్బు బయటపడ్డప్పుడు డాక్టరుగారు ఎమ్మారై రాశారు. ఈ లక్షణాల వెనకాల గడ్డో, ఇన్ఫెక్షనో, ఇంకోటో ఉందేమో చూసుకోవడానికి రాస్తారు దాన్ని. స్కిజోఫ్రీనియా కనపడుతుందని కాదు. ఆ తేడా మాకు ఎవరూ విప్పి చెప్పలేదు. స్కాన్ సెంటర్ వాళ్లు పెద్ద కవరు చేతిలో పెట్టారు. రిపోర్టు చివర ఒకే ముక్క ఉంది, చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని. నాన్న దాన్ని మళ్లీ మళ్లీ చదివి, "అంతా బానే ఉందిట" అన్నారు. ఆ మొహంలో సంతోషం లేదు, చిరాకు ఉంది. అంతా బాగుంటే మరి వీడికేమైనట్టు? సాయంత్రానికి బాబాయి తేల్చేశాడు: "స్కాన్‌లోనే ఏం లేదంటే ఇంకేం రోగం? ఒళ్లొంగక వేషాలు." ఆ కవరు చాలా ఏళ్లు బీరువా మీద ఉండిపోయింది. మాటామాటా వచ్చినప్పుడల్లా బాబాయి దాని వైపు చూపించేవాడు.

వేలమంది సగటు, ఒక్కడి ఫిల్ము

మరి పరిశోధనల్లో కనపడే తేడా మా వాడి ఫిల్ములో ఎందుకు కనపడలేదు? అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఎనిగ్మా అనే అంతర్జాతీయ బృందం 2016లో 2,028 మంది రోగుల స్కాన్లనీ, జబ్బు లేని 2,540 మంది స్కాన్లనీ ఒకచోట పెట్టి పోల్చింది. మెదడు లోపలి భాగాల్లో అన్నిటికంటే పెద్ద తేడా జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్‌లో దొరికింది. రోగుల్లో అది సగటున చిన్నది. ఎంత చిన్నది? వాళ్లిచ్చిన కొలతని మామూలు లెక్కలోకి మార్చి చూసుకున్నాను. రోగుల్లోంచి ఒకరినీ, రోగం లేనివాళ్లలోంచి ఒకరినీ కళ్లు మూసుకుని ఎంచుకుంటే, రోగిది చిన్నదిగా ఉండే అవకాశం నూటికి 63. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. పరిశోధకుడికి ఇది నికరమైన ఆవిష్కరణే. నా చేతిలో ఉన్న ఒక్క ఫిల్ముని వెలుతురులో పెట్టి చూసే డాక్టరుకి ఏమీ కాదు.

ఇదంతా జబ్బు ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య తేడా గురించి. జబ్బు ఉన్నవాళ్లలోనే ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్లనీ చేయనివాళ్లనీ విడదీయాలంటే పట్టు ఇంకా జారిపోతుంది. 2008లో ఒక బృందం, ప్రయత్నం చేసినవాళ్లలో మెదడు ముందుభాగం అడుగున వైట్ మ్యాటర్ (నరాల తీగలుండే తెల్లటి కణజాలం) ఎక్కువగా ఉందని రాసింది. అదే ఏడాది ఇంకో బృందం, కళ్లకి పైన ఉండే ప్రాంతంలోనూ ఎడమ కణత వైపూ గ్రే మ్యాటర్ (నరాల కణాలుండే బూడిదరంగు కణజాలం) తక్కువగా ఉందంది. 2011లో మరొకరు భయం లాంటి భావోద్వేగాలకి కీలకమైన అమిగ్డలా కుడివైపు పెద్దదిగా ఉందన్నారు. 2016లో ఇంకొకరు ముందు, పక్క భాగాల్లో కార్టెక్స్, అంటే మెదడు పైపొర, పలచబడిందన్నారు. వీటన్నిటినీ కలిపి, ఆవేశాన్ని అదుపు చేసే భాగాలకీ భావోద్వేగాలు పుట్టే భాగాలకీ పొంతన చెడిందని ఒక కథ అల్లొచ్చు. అల్లారు కూడా. కథ బాగానే ఉంటుంది. కానీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ, ఒకచోట పెద్దది, ఒకచోట పలచనిది, ఏది వచ్చినా ఇమిడిపోయే కథని నేను కొంచెం అనుమానంగానే చూస్తాను.

ఇలాంటి అధ్యయనాల్లో ఉండేది చాలాసార్లు పదుల సంఖ్యలో మనుషులే. వాళ్లలో ప్రయత్నం చేసినవాళ్లు ఇంకా కొద్దిమంది. 2022లో నేచర్ పత్రికలో స్కాట్ మారెక్ బృందం దాదాపు 50,000 మంది స్కాన్లు తీసుకుని ఒక ఇబ్బందికరమైన పని చేసింది. మెదడు ఆకారానికీ మనిషి ప్రవర్తనకీ మధ్య సంబంధం నిలకడగా తేలాలంటే ఎంతమంది కావాలో లెక్క కట్టింది. వేలల్లో కావాలని తేలింది. ఈ రంగంలో మామూలుగా ఒక అధ్యయనంలో ఉండేది పాతికమంది. పాతికమందితో చేసినప్పుడు నిజమైన సంబంధాలు జారిపోవడమూ, లేనివి ఉన్నట్టు పెద్దగా కనపడడమూ రెండూ జరుగుతాయి. ఎరుపు, నీలం బొమ్మలతో మనదాకా వచ్చేవి ఆ పెద్దగా కనపడినవే.

చనిపోయినవాళ్లు ఆ వరుసలో లేరు

ఇంకో సంగతి ఉంది. దీన్ని ఒప్పుకోవడానికి నాకు చాలా సమయం పట్టింది. స్కానర్‌లో పడుకున్నది ప్రయత్నం చేసి బతికినవాళ్లు. మనకి భయం చనిపోయేవాళ్ల గురించి. ఈ రెండు గుంపులూ కొంతమేరకే కలుస్తాయి. ఈ జబ్బులో మొదటి ప్రయత్నంలోనే పోయేవాళ్లు తక్కువేం కాదు. వాళ్లెవరూ ఆ తర్వాత స్కాన్‌కి రారు. బతికినవాళ్లలో కనపడిన తేడా వాళ్లని చావు వైపు నెట్టిన తేడానా, లేక బతికించిన తేడానా అని ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే ఏం చెప్పాలో నాకు తెలియదు.

పైగా ఆ తేడా ముందునుంచీ ఉన్నదా, ప్రయత్నంలో ఒంటికి తగిలిన దెబ్బ వల్ల వచ్చిందా, దానితోపాటున్న డిప్రెషన్ వల్లా, సిగరెట్ల వల్లా? మందుల మాట కూడా ఉంది. అమెరికాలోని అయోవాలో నాన్సీ ఆండ్రియాసెన్, బెంగ్-చూన్ హో బృందం 211 మంది రోగుల్ని సగటున ఏడేళ్లకు పైగా వెంబడించి, 674 స్కాన్లు తీసి 2011లో ఒక ఫలితం ప్రకటించింది. ఈ జబ్బుకి ఇచ్చే యాంటీసైకోటిక్ మందులు ఎక్కువగా వాడినవాళ్లలో మెదడు కణజాలం ఎక్కువగా తగ్గిందని అందులో తేలింది. దీన్ని చదివి మందులు మానేయమని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఆగండి. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకే మందు ఎక్కువ ఇస్తారు, కాబట్టి అదీ చిక్కుముడే. ఒక్క స్కాన్ ఫోటోలో ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయని చెప్పడమే నా ఉద్దేశం.

లెక్క వేస్తే

సరే, ఇవన్నీ దాటి రేపు ఒక మంచి స్కాన్ పరీక్ష వచ్చిందనుకుందాం. నూటికి 80 సార్లు సరిగ్గా పట్టుకుంటుంది, ముప్పు లేనివాళ్లలో నూటికి 80 మందిని సరిగ్గా వదిలేస్తుంది. ఇంత మంచి పరీక్ష ఇప్పుడు లేదు, ఊహించుకుందాం.

స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో జీవితకాలం మొత్తమ్మీద ఆత్మహత్యతో పోయేవాళ్లు దాదాపు 5 శాతం. పాత పుస్తకాల్లో 10 శాతం అని ఉండేది, 2005లో ఆ లెక్క సరిదిద్దారు. మామూలు జనంతో పోలిస్తే ఇది చాలా ఎక్కువే. కానీ నూటికి 95 మంది అలా పోవడం లేదన్నది కూడా ఆ అంకెలోనే ఉంది. వెయ్యిమందికి మన పరీక్ష చేస్తే, ముప్పున్న 50 మందిలో 40 మందిని పట్టుకుంటుంది. పది మందిని నిశ్చింతగా ఇంటికి పంపేస్తుంది. ముప్పు లేని 950 మందిలో 190 మందికి ఎర్ర ముద్ర వేస్తుంది. అంటే ఎర్ర ముద్ర పడ్డ 230 మందిలో 190 మంది మీద అది అబద్ధం. జీవితకాలం వదిలేసి, వచ్చే ఏడాది సంగతి చెప్పమంటే ఈ పాళ్లు ఇంకా దారుణంగా తయారవుతాయి.

ఇదంతా నా కాగితం మీది లెక్క అనుకునేవాళ్ల కోసం నిజంగా జరిగింది చెప్తాను. అమెరికాలో అలెక్స్ పోకోర్నీ అనే వైద్యుడు మానసిక వార్డులో చేరిన 4,800 మంది మాజీ సైనికుల్ని వివరంగా పరీక్షించి, కొన్నేళ్లు వెంబడించాడు. వాళ్లలో 67 మంది ఆత్మహత్య చేసుకున్నారు. చేతిలో ఉన్న సమాచారమంతా వాడి సూత్రం కడితే, అది 35 మందిని పట్టుకుంది. వాళ్లతోపాటు 1,206 మందిని పొరపాటుగా పట్టుకుంది. 1983లో అచ్చయిన ఫలితం అది. ఆ తర్వాత జోసెఫ్ ఫ్రాంక్లిన్ బృందం 50 ఏళ్లలో వచ్చిన 365 అధ్యయనాల్ని 2017లో కలిపి చూస్తే, ముందే ఊహించడంలో మనం గుడ్డిగా చెప్పడం కంటే పెద్దగా మెరుగుపడలేదని తేలింది.

సైకియాట్రీ చదువుతున్న మా పిన్ని కూతురు ఈ మాట ఒప్పుకోలేదు. "అక్కా, గుండెజబ్బుకి కూడా రిస్కు లెక్కలు గుంపు మీదే కడతారు. ఆ లెక్కతోనే పెదనాన్నకి కొలెస్ట్రాల్ మాత్ర ఇచ్చారు. అక్కడ ఒప్పుకుని ఇక్కడ ఎందుకు ఒప్పుకోవు?" అంది. మంచి ప్రశ్న. నాలుగు రోజులు నన్ను వదల్లేదు. చివరికి నాకు తోచింది ఇది. గుండె రిస్కు ఉందని ముద్ర పడితే నాన్న రోజూ ఒక మాత్ర వేసుకుంటారు, కాస్త నడుస్తారు. లెక్క తప్పినా పోయేది పెద్దగా లేదు. ఇక్కడ ముద్ర పడితే ఏం చేస్తారు? కాపలా కాస్తారు. రక్తనాళంలో పూడిక ఏళ్ల తరబడి పెరుగుతుంది, అందుకని ఏళ్ల లెక్క దానికి సరిపోతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన వారంలో వచ్చి వారంలో పోగలదు. పొద్దున ఉండి సాయంత్రానికి తగ్గగలదు. హిప్పోక్యాంపస్ పరిమాణం మంగళవారానికీ శుక్రవారానికీ మారదు. మా తమ్ముడు మారతాడు.

ఆ అమ్మాయి మరో మాట కూడా అంది, దాన్ని నేను కాదనలేకపోయాను. పరిశోధన అంతా జోస్యం కోసమే కాదు, ఈ జబ్బుకి వాడే క్లోజపిన్ లాంటి మందు ఏ దారిలో ఈ ఆలోచనల్ని తగ్గిస్తోందో తెలిస్తే ఇంతకంటే మంచి మందు రావచ్చంది. దానికోసం వేలమంది స్కాన్లు తీయండి, మా తమ్ముణ్ణి కూడా తీసుకెళ్లండి. మా గ్రూపులో ఆవిడ కొడుకు ఫిల్ము చూసి జాతకం చెప్పకపోతే చాలు.

ముద్ర ఎక్కడికి పోతుంది

ఈ జబ్బుకి పేరు పెట్టిన ఆయిగన్ బ్లాయిలర్ 1911లోనే రాశాడు, దీని లక్షణాలన్నిటిలోకీ తీవ్రమైనది ఆత్మహత్య చేసుకోవాలన్న తపన అని. అక్కడితో ఆగలేదు. ఎడతెగని కాపలా ఆ తపనని లేపుతుందనీ, పెంచుతుందనీ కూడా అన్నాడు. వందేళ్ల కిందటి మనిషి, ఆయన మాటలన్నీ ఇవాళ చెల్లవు. ఈ మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఒక చెడ్డ కాలంలో నాన్న బాత్రూం తలుపుకి లోపలి గడియ పీకేయించారు. వడ్రంగి వచ్చి స్క్రూలు తీస్తుంటే తమ్ముడు హాల్లో కూర్చుని టీవీ వైపే చూస్తూ ఉన్నాడు. ఆ తర్వాత కొన్ని నెలలు వాడు స్నానానికి వెళ్లినప్పుడల్లా లోపల్నుంచి పాట పాడుతూ ఉండేవాడు, బతికే ఉన్నానని తెలియడానికి. అది వెటకారమో, మా మీద జాలో ఇప్పటికీ అర్థం కాదు.

ఆ గడియ పీకడం తప్పనలేను. నిజంగా ప్రమాదం ఉన్న వారాల్లో మనిషి పక్కన మనిషి ఉండాలి, అందుబాటులో ప్రమాదకరమైనవి ఉండకూడదు. అది ప్రాణాలు కాపాడుతుందని గట్టి ఆధారాలున్నాయి. కానీ ఆ వారాలు ఎప్పటికైనా ముగియాలి. స్కాన్ వేసిన ముద్రకి ముగింపు ఉండదు. మెదడు ఆకారం అదే కాబట్టి గడియ మళ్లీ ఎప్పుడు బిగించాలో ఎవరూ చెప్పరు.

ఇక ఆ కాగితం ఇల్లు దాటితే? హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో విడాకులకి కారణమయ్యే మానసిక జబ్బుల వివరణలో స్కిజోఫ్రీనియా పేరు పెట్టి మరీ రాశారు. పేరు ఉన్నంత మాత్రాన సరిపోదు, తీవ్రత ఎంతో చూడాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. 2013లో ఒక తెలుగు డాక్టర్ల జంట కేసులోనూ అదే మాట మీద నిలబడి భర్తకి విడాకులు నిరాకరించింది. జబ్బు పేరుతోనే ఇంత దూరం వెళ్లినప్పుడు, రంగుల బొమ్మతో సహా ముప్పు శాతం అచ్చేసిన కాగితం అవతలి వకీలు చేతిలో పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్న సామెతని ఇప్పటికీ సలహాగా ఇచ్చే చుట్టాలున్న సమాజం మనది.

జవాబు ఉన్న చోట్లు

క్లోజపిన్ దగ్గర మొదలుపెడతాను. ఆత్మహత్యా ప్రవర్తన తగ్గించడం కోసం స్కిజోఫ్రీనియాలో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న మందు ఇదొక్కటే. 980 మంది మీద రెండేళ్లపాటు దీన్ని ఇదే జబ్బుకి వాడే ఒలాంజపిన్ అనే ఇంకో మందుతో పోల్చి చూశారు. క్లోజపిన్ తీసుకున్నవాళ్లలో ఆత్మహత్యా ప్రయత్నాలు, దానికోసం ఆస్పత్రిలో చేరాల్సి రావడం దాదాపు నాలుగో వంతు తగ్గాయి. 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. ఫిన్లాండ్‌లో 66,881 మంది రికార్డులు చూసిన 2009 నాటి అధ్యయనంలోనూ ఈ మందు మీద ఉన్నవాళ్లలోనే మరణాలు తక్కువ. అదే ఫిన్లాండ్‌లో 1975లో తెల్లరక్తకణాలు పడిపోయి కొందరు చనిపోవడంతో ఈ మందు దాదాపు మూలపడిపోయింది. రక్తపరీక్షల షరతుతో మళ్లీ వచ్చింది.

మన దగ్గర చవకగానే దొరుకుతుంది. అయినా మిగతా మందులన్నీ అయ్యాక, ఏళ్లు గడిచాక గానీ దీని మాట ఎత్తరు. మొదటి 18 వారాలు వారం వారం రక్తం ఇవ్వాలి. మా వాడు ల్యాబ్ కుర్రాడితో స్నేహం చేసుకున్నాడు గానీ, ఊళ్లో ల్యాబ్ లేనివాళ్లకి అది ప్రతివారం ఒక రోజు కూలీ. రాత్రి నోట్లోంచి చొంగ కారి దిండు తడిసిపోతుంది. అమ్మ రోజూ దిండు మీద మడత పెట్టిన తువ్వాలు వేస్తుంది. బరువు పెరుగుతారు, షుగరు రావచ్చు. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇది అమృతం అని నేను చెప్పడం లేదు. స్కాన్ కోసం అడిగిన నోటితో "మా వాడికి క్లోజపిన్ పనికొస్తుందా" అని డాక్టర్ని అడగమంటున్నాను.

రెండోది ఇంకా చవక. నేరుగా అడగడం. ఒకసారి డాక్టరుగారు మా అందరి ముందూ, "చచ్చిపోవాలనిపిస్తోందా ఈ మధ్య?" అని వాణ్ణి అడిగారు, జ్వరం ఉందా అన్నట్టు. అమ్మ ఉలిక్కిపడి, "అయ్యో, అలా అడిగితే గుర్తు చేసినట్టు కాదటండీ?" అంది. కాదని ఆయన అన్నారు, పరిశోధనలూ అదే చెప్తున్నాయి. తమ్ముడు కాసేపు నేల చూపులు చూసి, "మొన్నటిదాకా అనిపించేది సార్, గొంతులు చెప్పడం వల్ల కాదు, గొంతులు తగ్గాక" అన్నాడు.

ఆ మాట మా ఇంట్లో ఎవరమూ ఊహించలేదు. జబ్బు ముదిరినప్పుడే భయం అనుకుంటాం. కానీ ఈ జబ్బులో ముప్పు ఎక్కువగా ఉండేది చదువుకున్న మగపిల్లల్లో, జబ్బు మొదలైన తొలి ఏళ్లలో, డిప్రెషన్ తోడైనప్పుడు, తనకేమైందో తనకి తెలిసొచ్చినప్పుడు. మా వాడు బీటెక్. గొంతులు సద్దుమణిగాక ఫోన్ తెరిస్తే క్లాస్‌మేట్లు డాలస్‌లోనో బెంగుళూరులోనో గృహప్రవేశాల ఫోటోలు పెడుతున్నారు. తన వయసు లెక్కేసుకుంటాడు. అలాంటి సాయంత్రం వాడి మెదడులో ఏ భాగం ఎంత పలచగా ఉందో నాకు అక్కర్లేదు. ఆ ఫోన్లో వాడేం చూశాడో కావాలి.

మూడోది, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాతి రోజులు. డెన్మార్క్‌లో దేశం మొత్తం రికార్డులు చూసి 2005లో చెప్పారు, మానసిక రోగుల్లో ఆత్మహత్యలు శిఖరానికి చేరేది ఆస్పత్రిలో చేరిన మొదటి వారంలో, మళ్లీ డిశ్చార్జ్ అయిన మొదటి వారంలో అని. మన దగ్గర డిశ్చార్జ్ అంటే పండగ. మొక్కు తీర్చుకోవడానికి కొండకి వెళ్లడం, చుట్టాలు పళ్లు పట్టుకుని రావడం, "మామూలైపోయాడుగా, ఇంకా మందులెందుకు" అనడం. అందరూ ఊపిరి పీల్చుకునే ఆ వారమే అసలు కళ్లు తెరుచుకుని ఉండాల్సిన వారం.

దీనికి ఏం చేయాలో కూడా కొంత తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక ప్రయోగం చేసింది, అందులో ఒక కేంద్రం మన పక్కనే ఉన్న చెన్నై. ఆత్మహత్యా ప్రయత్నం చేసి అత్యవసర విభాగానికి వచ్చిన 1,867 మందిలో సగం మందికి మామూలు చికిత్స, మిగతా సగానికి దానితోపాటు ఒక గంట కూర్చుని మాట్లాడడం, తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లి పలకరించడమో. అంతే. 18 నెలలు గడిచేసరికి మొదటి గుంపులో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం, రెండో గుంపులో 0.2 శాతం. 2008లో అచ్చయింది. వాళ్లంతా స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు కాదు, అది గుర్తుంచుకోవాలి. తర్వాత చేసిన ఇలాంటి ప్రయోగాలన్నీ ఇంత గొప్పగా రాలేదు కూడా. అయినా తొమ్మిది ఫోన్లు చేయడానికి ఎంత ఖర్చు?

తమ్ముడు పోయినసారి డిశ్చార్జ్ అయినప్పుడు కౌంటర్లో అడిగాను, మీ దగ్గర్నుంచి ఎవరైనా ఫోన్ చేసి కనుక్కుంటారా అని. "మీరే చేయాలి మేడం, ఆ సిస్టం లేదు" అన్నారు. అదే ఆస్పత్రిలో నాన్నకి స్టెంట్ వేసినప్పుడు ఇంటికొచ్చిన మర్నాడే ఫోన్ వచ్చింది. ఛాతీలో నొప్పి ఉందా, మాత్రలు వేసుకుంటున్నారా, నీరసంగా ఉందా అని వరసగా అడిగి రాసుకున్నారు. సిస్టం ఉందన్నమాట, పై అంతస్తులో.

కష్టంగా ఉన్న రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, ఏ వేళలోనైనా తీస్తారు, డబ్బు కట్టక్కర్లేదు. రోగే చేయాలని లేదు, ఇంట్లో వాళ్లూ చేయొచ్చు. కానీ అది మనం చేసే ఫోన్. నేను అడుగుతున్నది మనకి వచ్చే ఫోన్.

అందుకని మా గ్రూపులో ఒక ప్రయత్నం మొదలుపెట్టాం. ఎవరింట్లో మనిషి డిశ్చార్జ్ అయినా, వాళ్లు ఒప్పుకుంటే, వేరే ఇంటివాళ్లు వంతులవారీగా ఫోన్ చేయాలి, చెన్నై వాళ్ల వారాల పట్టిక ప్రకారం. వంతు మర్చిపోయేవాళ్లు మర్చిపోతున్నారు. ఒకబ్బాయి "మీరెవరండీ నన్ను అడగడానికి" అని పెట్టేశాడు. ఇంకొకాయన తన ఆరోగ్యం గురించి ఒక్క ముక్క చెప్పకుండా సన్‌రైజర్స్ బౌలింగ్ మీద ముప్పావుగంట మాట్లాడి, మళ్లీ ఎప్పుడు చేస్తారని అడిగాడు. ఎవరైనా నిజంగా చావు మాట ఎత్తితే ఏం చేయాలో ఒక కాగితం రాసుకున్నాం. అది ఒక సైకియాట్రిస్టు చూసి సరిచేసి ఇచ్చారు. దీనివల్ల ఉపయోగం ఉందా అంటే, మా జాబితాలో ఉన్నది పదిమంది కూడా లేరు, కాబట్టి ఎవరూ దీన్నుంచి ఏ నిర్ధారణకీ రాకండి.